ఎర్ర కాగితాల ఆట

ఇటిక్యాల మండలంలోని ఆ ప్రాథమిక పాఠశాలలో పుస్తకాలు లేవని ఎవరూ అనడానికి వీల్లేదు. ఉన్నాయి. ఇనుప బీరువాలో ఉన్నాయి. బీరువాకు తాళం ఉంది. తాళంచెవి హెడ్మాస్టర్ లాల్ అహ్మద్ చొక్కా జేబులో, కళ్లజోడు పక్కన ఉండేది. చీమల మీద, మేఘాల మీద, బావుల మీద, పాముల మీద రంగుల బొమ్మలతో అచ్చయిన పల్చటి పుస్తకాలవి. పైనుంచి వచ్చాయి, స్టాకు రిజిస్టరులో ఎక్కాయి. చినిగితే జవాబు చెప్పాల్సింది హెడ్మాస్టరు కాబట్టి చినగని చోట భద్రంగా ఉన్నాయి.

ఎస్తేరు డీఎస్సీలో ఎంపికై ఆ బడికి వచ్చిన మొదటి వారంలోనే తాళంచెవి అడిగింది.

“పిల్లలు చింపుతరమ్మా,” అన్నాడు లాల్ అహ్మద్.

“చింపాలన్నా ముందు తెరవాలె గద సార్. తెరిస్తే ఒక్క పేజీ అన్న చూస్తరు.”

లాల్ అహ్మద్ ఒప్పుకున్నది ఆ మాటకు లొంగి కాదు. రిటైర్మెంటు దగ్గర పడ్డ మనిషి. ఈ పిల్లతో ఇవాళ వాదన పెట్టుకుంటే రోజూ పెట్టుకోవాల్సి వస్తుందని లెక్క వేసుకున్నాడు. తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

పుస్తకాలు బయటికి వచ్చాక అసలు సంగతి తెలిసింది. ఐదో తరగతి పిల్లలు కథ అయితే బాగానే చదివేవారు. నక్క చివరికి ఏం చేసిందో తెలిసేదాకా గంట కొట్టినా లేచేవారు కాదు. అదే పిల్లలు మేఘాల పుస్తకం ఇస్తే రెండో పేజీకే ఒకరి జడ ఒకరు లాగడం మొదలుపెట్టేవారు. పరిసరాల విజ్ఞానం పాఠమైతే గొంతెత్తి, రాగం తీసి, అర్థం జోలికి పోకుండా ముగించేవారు. ‘నీరు ఆవిరై మేఘంగా మారుతుంది’ అని గడగడా అప్పజెప్పిన పిల్లవాణ్ని, పొద్దున కడిగిన వరండా మీది నీళ్లు ఏమయ్యాయని ఎస్తేరు అడిగింది. “ఆయమ్మ ఊడ్చింది టీచర్,” అన్నాడు.

కథలో తర్వాత ఏమైందన్న ఆత్రం దానంతట అదే ఉంటుంది. ఉన్న విషయాన్ని ఉన్నట్టు చెప్పే పుస్తకంలో అది ఉండదు. బయటి నుంచి తెచ్చి పెట్టాలి. ఎస్తేరు పోటీ తెచ్చి పెట్టింది.

మొదటి ఆట పేరు ‘అబద్ధం పట్టు’. తరగతిని రెండు జట్లు చేసింది. అందరూ ఒకే పేజీ చదవాలి. ఒక జట్టు మూడు మాటలు చెబుతుంది. అందులో రెండు పుస్తకంలోవి, ఒకటి కల్పించింది. రెండో జట్టు ఆ ఒక్కదాన్నీ పట్టుకోవాలి. అబద్ధమని ఊరికే అరిస్తే చెల్లదు. ఎదుటివాళ్లు వెంటనే “ఎక్కడుంది? వేలు పెట్టు” అంటారు. నిజం ఏ వరుసలో ఉందో అక్కడ వేలు పెట్టి చూపించాలి. వేలు పెట్టలేకపోతే పాయింటు లేదు. టీచర్‌కైనా అంతే.

పంక్చర్ షాపతని కొడుకు ముదస్సిర్ ఈ ఆటలో రాజు. అంతవరకూ చదువులో అతని పేరు ఎవరూ ఎత్తలేదు. మిగతా పిల్లలు ఏనుగుకు రెక్కలుంటాయనే రకం అబద్ధాలు చెప్పి దొరికిపోతుంటే, ముదస్సిర్ ఒకే ఒక్క మాట మార్చేవాడు. సాలీడు కాళ్లు ఎనిమిది ఆరయ్యేవి. పాము చెవులతో వినేది. అవతలి జట్టు పేజీ మొత్తం గాలించేది.

“అబద్ధం చెప్పాలంటే నిజం మంచిగ చదవాలె టీచర్,” అన్నాడు ఒకరోజు, వృత్తి రహస్యం చెబుతున్నట్టు.

ఆట గది దాటి వరండాలోకి వచ్చింది. లాల్ అహ్మద్ గుమ్మంలో నిలబడి, “బెల్లు కొట్టి ఎంతసేపాయె, ఇంకా లోపలికి పోరా?” అంటే వెనక నుంచి ఎవరో “ఎక్కడుంది సార్, వేలు పెట్టండి” అన్నారు. ఆయన గోడ గడియారం వైపు వేలు ఎత్తబోయి, అది ఆగిపోయి చాలా కాలమైందని గుర్తొచ్చి దించుకున్నాడు. నవ్వలేదు. స్టాఫ్ రూములోకి వెళ్లాక నవ్వాడని ఆయమ్మ చెప్పింది.

ఈ ఆటలు ఎస్తేరుకు ఏ శిక్షణలోనూ నేర్పలేదు. ఆమె చదువు మళ్లీ మొదలైందే ఒక అబద్ధాన్ని పట్టుకోవడంతో.

ఆమె తండ్రి సవారన్న, తల్లి ఇద్దరూ మేస్త్రి వెంట పుణెకు కట్టడం పనులకు పోయేవారు. ఎస్తేరు ఊళ్లో అవ్వ దగ్గర ఉండేది. రెండో తరగతిలో బడి మానిపించి విత్తన పత్తి చేలకు పంపారు. గద్వాల వైపు ఆ పనిని క్రాసింగ్ అంటారు. సాయంత్రం పూట, మర్నాడు విచ్చుకునే మొగ్గను వెతికి, దాని రేకులూ లోపలి పుప్పొడి కాడలూ బొటనవేలి గోటితో గిల్లేసి, గుర్తుకు ఎర్ర కాగితం ముక్క పెడతారు. పొద్దున్నే వచ్చి, ఇంకో వరుసలోని మొక్క పువ్వు తెంపి, ఎర్ర కాగితం కనబడ్డ చోటల్లా ఆ పుప్పొడి అద్దుతారు. అద్దింది కాయ అవుతుంది. మరిచిపోయింది రాలిపోతుంది. పిల్లల ఎత్తుకు కొమ్మలు అందుతాయి, వేళ్లు సన్నగా ఉంటాయి. చేలో మాట్లాడకూడదు. ఈ ఎర్ర కాగితం ఎందుకని ఒకసారి ఎస్తేరు అడిగితే చేని మేస్త్రి “నీకెందుకే, పెట్టు” అన్నాడు.

ఒకనాడు బడి మానేసిన పిల్లల కోసం శిబిరం నడిపేవాళ్లు చేనికి వచ్చారు. మేస్త్రి ఎస్తేరును ముందుకు తోసి, ఈ పిల్లకు పద్నాలుగు నిండాయని చెప్పాడు.

“తొమ్మిదే,” అంది ఎస్తేరు. అందరికీ వినబడేలా అంది.

ఆ వారం కూలి ఇవ్వలేదు. అవ్వ తిట్టింది. కానీ ఎస్తేరు శిబిరంలో చేరింది. అక్కడి నుంచి కస్తూర్బా బడికి, తర్వాత టీచర్ ట్రైనింగుకు వెళ్లింది. ఈ కథ ఆమె ఎవరికీ చెప్పుకునేది కాదు. ఎవరైనా మెచ్చుకోబోతే మాట మార్చేది.

ఐదో తరగతి పువ్వు పాఠానికి వచ్చినప్పుడు రెండో ఆట పుట్టింది. దాని పేరు ఆమె వెతుక్కోనవసరం రాలేదు. క్రాసింగ్ అనే పెట్టింది.

ఆఖరి పీరియడ్‌లో ప్రతి ఒక్కరూ ఒక పేజీ చదవాలి. చదివాక, ‘ఇది చాలదు, ఇంకా తెలియాలి’ అనిపించిన వాక్యం దగ్గర ఎర్ర కాగితం ముక్క అతికించి, దాని మీద ప్రశ్న రాయాలి. అదే ప్రశ్న ఇంకో ముక్క మీద రాసి వరండా గోడకు అంటించాలి, మూడోది జేబులో వేసుకుని ఇంటికి పోవాలి. మర్నాడు పొద్దున జవాబు తేవాలి. ఇంకో పుస్తకం నుంచి తేవచ్చు, ఇంట్లోవాళ్లను అడిగి తేవచ్చు, చేలో చూసి తేవచ్చు. జవాబు సరిగ్గా అతికితే ఎర్రదాని మీద తెల్ల కాగితం పడుతుంది. కాయ కట్టినట్టు. శనివారం దాకా జవాబు రాకపోతే ప్రశ్న రాలిపోయినట్టే. జవాబు టీచర్ చెప్పకూడదు. తెలిసినా చెప్పకూడదు.

ఎర్ర కాగితం ఎస్తేరు గద్వాలలో కొన్నది. విత్తన చేలవాళ్లు కొనే దుకాణంలోనే, అదే పల్చటి కాగితం. అక్కడే పొరపాటు జరిగింది.

ఆ ఊళ్లో అలివేలమ్మ అంటే తెలియనివారు లేరు. బడి తల్లుల కమిటీకి అధ్యక్షురాలు. చదువు రాదు, నోరు వచ్చు. చిన్నప్పటి నుంచీ సీజనులో తాను క్రాసింగ్‌కు పోతుంది కానీ బిడ్డ జోగులమ్మను చేని గట్టు కూడా తొక్కనివ్వదు. కిందటేడు చెల్లెలు, “దసరా సెలవులు గద, పిల్లను పంపక్కా” అని అడిగిన పాపానికి ఇప్పటికీ ఆమెతో మాటల్లేవు.

జోగులమ్మ పువ్వు పాఠంలో ఒక వాక్యం దగ్గర ఆగింది. ‘తేనెటీగలు, సీతాకోకచిలుకలు ఒక పువ్వు నుంచి మరో పువ్వుకు పుప్పొడిని చేరవేస్తాయి.’ అక్కడ ఎర్ర కాగితం అతికించి ఇలా రాసింది: ‘తేనెటీగలు చేస్తుంటే మా అమ్మ ఎందుకు చెయ్యాలి?’ గోడకు ఒకటి అంటించింది. ఒకటి జేబులో వేసుకుంది. అమ్మ చేను నుంచి రాగానే అడగాలనుకుంది.

అమ్మే ముందు అడిగింది. బట్టలు నానబెట్టబోతూ యూనిఫాం జేబు తడిమితే చేతికి ఎర్ర కాగితం తగిలింది. మరో ఊరి తల్లికి అది రంగు కాగితం. అలివేలమ్మకు అది బిడ్డ బడి ఎగ్గొట్టి చేనికి పోయిందనడానికి గుర్తు.

“ఎవరితోని పోయినవే?”

“ఎక్కడికమ్మా?”

“నీ చిన్నమ్మ తీసుకపోయిందా?”

“చేనుకు పోలే. బడిలనే క్రాసింగ్ చేసినం.”

చెంప మీద పడింది. ఆ తర్వాత పిల్ల ఏం చెప్పబోయిందో అలివేలమ్మ వినలేదు.

మర్నాడు పొద్దున చేనుకు తీసుకెళ్లే ఆటో వచ్చి హారన్ కొడితే ఎక్కలేదు. నేరుగా బడికి వచ్చింది. ప్రార్థన ఇంకా అయిపోలేదు.

“సారూ, బడి ఎత్తేసిన్రా? చెప్పొద్దా మాకు. సద్ది కట్టి చేనుకే పంపుతుంటిమి గద పిల్లలను.”

“ఏమైంది అలివేలమ్మా, జర కూసో,” అన్నాడు లాల్ అహ్మద్.

“కూసుండనీకె రాలే. గిది ఏంది?” నలిగిన ఎర్ర కాగితం ఆయన బల్ల మీద పెట్టింది.

ఆయన ఎస్తేరు వైపు చూశాడు. ఎస్తేరు పిల్లలను లోపలికి పంపి వచ్చింది.

“ఆట అక్కా. చదివిచ్చే ఆట.”

“ఆటనా? నీకు నౌకరి దొరికింది, నీకు ఆటనే. నేను నిన్న పొద్దుగూకెదాక గదే ఆట ఆడొచ్చిన. నడుము ఎత్తనొస్తలేదు. నా బిడ్డకు గా పేరే తెల్వద్దని బడికి పంపితే నువ్వు పుస్తకంల పెట్టి నేర్పిస్తున్నవా?”

“పని నేర్పిస్తలేనక్కా. అడుగుడు నేర్పిస్తున్న.”

“మాటలు బాగనే చెప్తవ్. సారూ, ఇని పెట్టుకో. గీ ఆట బందు కావాలె. లేకుంటే మా గల్లీ పిల్లలందరి టీసీలు రాసియ్యి. ప్రైవేటు బడి బస్సు రోడ్డు మీదికి రానే వస్తున్నది.”

ఊరికే అన్న మాట కాదది. ఆమె గల్లీ పిల్లలు వెళ్లిపోతే ఐదో తరగతిలో మిగిలేది బెంచీలే.

ఆమె వెళ్లాక లాల్ అహ్మద్ కళ్లజోడు తుడుచుకున్నాడు. “శనివారం తల్లుల మీటింగ్ ఉంది. గప్పటిదాక ఆ ఆట బంద్ పెట్టు బేటా. పుస్తకాలు గూడ బీరువాల పెడుతున్న.”

“పుస్తకాలేం చేసినయ్ సార్?”

“అన్నిట్ల ఎర్ర కాయితాలున్నయ్ గద.”

“ఆమెకు చెప్పకుంట కాయితం ఇంటికి పంపుడు నాది తప్పే. అది ఆమెకు చెప్త. ఆట మాత్రం బంద్ చెయ్య సార్. మెమో ఇస్తె ఇయ్యండి.”

“మెమో ఇస్తె దాని కింద గూడ ఎర్ర కాయితం అతికిస్తవ్ నువ్వు,” అన్నాడాయన. బీరువాకు తాళం వేసి చెవి మళ్లీ జేబులో వేసుకున్నాడు.

ఆ సాయంత్రం ఎస్తేరు పిల్లలకు ఒక పని చెప్పింది. ఇంట్లో అచ్చు అక్షరాలున్న కాగితం ఏదైనా తేవాలి. కథ కాకూడదు. పురుగుమందు సీసాలు, డబ్బాలు ముట్టుకోకూడదు.

మర్నాడు వరండా నిండిపోయింది. కరెంటు బిల్లు, సబ్బు రేపరు, దవాఖానలో ఇచ్చిన టీకాల కార్డు, బజ్జీలు కట్టిన వార్తాపత్రిక జిల్లా పేజీ, సిమెంటు సంచి మీది హెచ్చరిక, విత్తనాల ప్యాకెట్ ఖాళీ కవరు, పెళ్లిపత్రిక. పెళ్లిపత్రిక కథా కాదా అని కాసేపు వాదన నడిచింది. ముదస్సిర్ పంక్చర్ జిగురు ట్యూబు అట్టపెట్టె తెచ్చాడు. దాని మీది అక్షరాలు పల్లీ గింజ మీద రాసినంత చిన్నవి. ఒకప్పుడు పాఠ్యపుస్తకం చూసి ఆవలించిన పిల్లలు ఆ అట్టపెట్టె చుట్టూ తలలు చేర్చారు. అందులో ఎక్కడో ఒక అబద్ధం దాక్కుంటుందని వాళ్లకు ఆశ.

లాల్ అహ్మద్ వచ్చి నిలబడ్డాడు. “పుస్తకాలు లోపల పెట్టినం గద?”

“గివి మీ బీరువాలయి కాదు సార్.”

ఆయన సిమెంటు సంచి తిప్పి చూశాడు. కంట్లో పడితే నీళ్లతో కడుక్కోవాలని, డాక్టరుకు చూపించాలని దాని మీద ఉంది. ఆయన కొత్తగా రెండు గదులు వేయించుకుంటున్నాడు. ఆ సంచులు ఎన్ని విప్పించాడో లెక్కలేదు, ఒక్కదాని మీదా ఈ ముక్క చదవలేదు. సంచి కింద పెట్టి వెళ్లిపోయాడు.

జోగులమ్మ మాత్రం ఆటకు రాలేదు. బడికి వస్తోంది, ఆడొద్దని ఇంట్లో ఆజ్ఞ. గోడకు ఆనుకుని పాఠ్యపుస్తకం తెరిచి కూర్చునేది, పేజీ తిప్పేది కాదు. ఆమె ప్రశ్న ఎదురుగా గోడ మీద ఉంది. మిగతావాటి మీద ఒక్కొక్కటిగా తెల్ల కాగితం పడుతోంది. దీని మీద పడలేదు. ముదస్సిర్ ఒక ప్రయత్నం చేశాడు.

“తేనెటీగలకు సోమరితనం ఎక్కువ టీచర్. గందుకే.”

“ఎక్కడుంది? వేలు పెట్టు,” అని తరగతంతా అంది.

“మా బాబాయ్ చెప్పిండు.”

“మీ బాబాయ్‌ని పిలుసుకరా. ఆయన మీద పెడతం వేలు.”

జోగులమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికే.

శనివారం వచ్చింది. తల్లులు వరండాలో చాపల మీద కూర్చున్నారు. అలివేలమ్మ ముందు వరుసలో, గోడకు ఎదురుగా కూర్చుంది. లాల్ అహ్మద్ మధ్యాహ్న భోజనం సంగతి ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

“అన్నం సంగతి తర్వాత. ముందు గా ఆట సంగతి చెప్పుండ్రి.”

ఎస్తేరు లేచింది. “ఎర్ర కాయితం చెప్పకుంట ఇంటికి పంపిన. నీ బిడ్డకు దెబ్బ నా మూలంగ పడ్డది. తప్పు నాదే అక్కా.”

“సరే. బంద్ చేసినవా?”

“చెయ్యలే.”

చాపల మీద గుసగుస లేచింది. “గమండి పిల్ల, ఎంత పొగరు,” అంది వెనక ఎవరో.

“నేను గూడ తొమ్మిదేండ్లకు గదే చేనుల ఉన్న. ఇగో,” అని ఎస్తేరు ఎడమ బొటనవేలు ముందుకు చాపింది. గోరు మధ్యలో గాడి పడి, వంకరగా పెరిగింది.

అలివేలమ్మ దాన్ని చూసింది. తన రెండు చేతులూ చాపింది. “గోరు సూపియ్యకు టీచరమ్మా. నాయి పది సూడు. గోర్ల పోటీ పెట్టుకుందామా, ఎవరు గెలుస్తరో?”

తల్లులు నవ్వారు. ఎస్తేరు చెయ్యి వెనక్కి తీసుకుంది. ముఖం ఎర్రబడింది కానీ కూర్చోలేదు.

“పోటీ వద్దక్కా, నువ్వే గెలుస్తవ్. ఒక్కటి చెప్త. చేనుల మేస్త్రి నన్ను ఒక్క ముచ్చట అడగనియ్యలే. ఎర్ర కాయితం ఎందుకంటే ‘పెట్టు’ అన్నడు. గిక్కడ అదే కాయితం మీద పిల్లలు ప్రశ్న రాస్తున్నరు. గా కాయితం నేను వాళ్లకు ఇడిచిపెట్ట. రంగు మార్చ, పేరు మార్చ.”

“అయితే టీసీలు రాయి సారూ,” అంది అలివేలమ్మ.

లాల్ అహ్మద్ పెన్ను తీయలేదు. “రాస్త. జోగులమ్మది ముందు రాయాలె గద, నీ బిడ్డ కాబట్టి. దానికంటె ముందు గా గోడ మీద నీ బిడ్డ ఏం రాసిందో ఇన్నవా?”

“నాకు చదువొస్తదా?”

“నేను చదువుత.” ఆయన కళ్లజోడు పెట్టుకుని, రిజిస్టరులో పేర్లు పిలిచే గొంతుతోనే చదివాడు. “తేనెటీగలు చేస్తుంటే మా అమ్మ ఎందుకు చెయ్యాలి?”

అలివేలమ్మ గోడ దగ్గర నిలబడ్డ బిడ్డ వైపు తిరిగింది.

“గిదా నువ్వు అడగొచ్చింది?”

జోగులమ్మ తలూపింది.

“మరి చెప్పొద్దా?”

“నువ్వు కొడితివి గద.”

వెనక వరుసలో ఎవరో దగ్గారు. అలివేలమ్మ ఎస్తేరు వైపు తిరిగింది. “దీనికి జవాబు నీకు తెల్వదా?”

“తెలుసు.”

“మరి చెప్పకపోయినవ్?”

“టీచర్ చెప్పొద్దు. ఆట గట్ల. ఇయ్యాల బెల్లు కొట్టెదాక జవాబు రాకుంటే రాలిపోతది.”

“ఏం ఆటనే ఇది,” అంది అలివేలమ్మ. కొంగు నడుముకు దోపుకుంది. తగువుకు లేచినట్టే లేచింది. “ఏ, జోగీ. ఇను. తేనెటీగకు ఏ పువ్వు మీద వాలాలో ఎవరు చెప్తరు? అది దాని ఇష్టం. విత్తనపోళ్లకు గట్ల నడవదు. ఈ సాలు పుప్పొడి ఆ సాలు పువ్వుకే తగలాలె. దాని సొంత పుప్పొడి దానికే తగిలితే గా గింజ వాళ్లకు పనికిరాదు. అందుకే పొద్దుగూకక ముందే మొగ్గలకెళ్లి కాడలు గిల్లేస్తం. పొద్దున అద్దుతం. గిది ఈగ చేసే పని కాదు, మనిషి చెయ్యాలె. ఇగ చాలా?”

పిల్లలందరూ చేరారు. జోగులమ్మ బడి నోట్‌బుక్ తెచ్చుకుని గబగబా రాస్తోంది. రాసి, తలెత్తింది.

“ఇంకోటి. నిన్ను చిన్నగున్నప్పుడే ఎందుకు తీసుకపోయిన్రు?”

“గది పుస్తకంల ఉన్నదా?”

“లేదు. జవాబు మీద గూడ ప్రశ్న అడగొచ్చు. ఆటల ఉంది.”

అలివేలమ్మ ఎస్తేరును చూసింది. ఎస్తేరు తలూపింది, అంతే.

“కొమ్మలు మా ఎత్తుకు అందుతయని,” అంది అలివేలమ్మ. “పిల్లలైతే ఎక్కువ అడగరని.”

జోగులమ్మ అది కూడా రాసింది.

ఇంటి నుంచి వచ్చిన జవాబును ఒక పేజీగా రాసి, చెప్పినవారి పేరు పెట్టి, మిగతావాళ్లు చదవడానికి గోడకు అంటించడం ఆటలో చివరి మెట్టు. జోగులమ్మ మెట్ల మీద కూర్చుని పేజీ పూర్తి చేసింది. తల్లులు మధ్యాహ్న భోజనం మీద, బియ్యం మీద మాట్లాడుకుంటున్నారు. అలివేలమ్మ ఆ మాటల్లో లేదు. పేజీ వైపే చూస్తోంది.

“చదువు,” అంది బిడ్డతో.

జోగులమ్మ లేచి నిలబడి, బడి రాగంతో చదివింది. సాలు, పుప్పొడి, కాడలు, అన్నీ వచ్చాయి. చివర్లో, “మా అమ్మ చిన్నతనంలో ఎంతో ఇష్టంగా చేనుకు వెళ్లి కష్టపడి పని చేసింది” అని ముగించింది. పిల్లలు వ్యాసం చివర రాసే రకం వాక్యం. బాగుంటుందని రాసింది.

“ఆగు,” అంది అలివేలమ్మ. “ఇష్టంగనా? నేను గట్ల చెప్పిన్నా?”

జోగులమ్మ పేజీ దించింది.

“ఏమే, మీ ఆటల ఏందో అంటరు గద. ఆ, వేలు పెట్టు. నేను ఇష్టంగ పోయిన అని ఎక్కడ చెప్పిన? పెట్టు వేలు.”

జోగులమ్మ నోట్‌బుక్‌లో ముందు రాసుకున్న ముక్కల మీద వేలు నడిపింది. పై నుంచి కింది దాకా వెతికింది. వేలు ఎక్కడా ఆగలేదు.

“లేదు,” అంది.

“అబద్ధం దొరికింది,” అన్నాడు ముదస్సిర్ గౌరవంగా. అలాంటి అబద్ధం తనకు తట్టనందుకు కాస్త కుళ్లుగా కూడా.

“తీసెయ్,” అంది అలివేలమ్మ. “ఉన్నది ఉన్నట్టు రాయి. తోలిన్రు, పోయిన. గంతే.”

పిల్ల రబ్బరుతో రుద్దడం మొదలుపెట్టింది. కాగితం చినిగేలా ఉంది. లాల్ అహ్మద్ చూశాడు కానీ చినుగుతుందని అనలేదు. జేబులోంచి తాళంచెవి తీసి ఎస్తేరు ముందు పెట్టి, పెన్ను మూత తీశాడు.

“ఇగ చెప్పు అలివేలమ్మా. టీసీ రాయాల్నా?”

“పేజీ సక్కగ రాయనియ్యి. రాసినంక ఇంకోసారి ఇంట. గప్పుడు చెప్త,” అంది ఆమె. ఎస్తేరు వైపు తిరిగింది. “నువ్వు మాత్రం గెలిచిన్ననుకోకు. పేరు మార్చేదాక నేను ఊకోను.”

“మార్చనక్కా.”

“సూద్దాం,” అని అలివేలమ్మ చాప మీద మళ్లీ కూర్చుంది. గంట కొట్టే ఆయమ్మను ఆగమని సైగ చేసింది. పేజీ ఇంకా పూర్తి కాలేదు.